మకరోనీ అండ్ చీజ్: ఆవిష్కర్తల గురించీ, వంట గురించీ తరచుగా అడిగే ప్రశ్నలు

మకరోనీ అనే పొట్టి గొట్టాల పాస్తాను ఉడికించి చీజ్‌తో కలిపి చేసే వంటకం మకరోనీ అండ్ చీజ్. దీని గురించి తెలుసుకోవాలనుకునేవారు సాధారణంగా రెండు రకాల ప్రశ్నలు అడుగుతారు. దీన్ని ఎవరు కనిపెట్టారన్నది మొదటి రకం. సాస్ ఎందుకు విరిగిపోతుంది, ఏ చీజ్ వాడాలి అన్నవి రెండో రకం. ఈ రెండూ విడివిడి విషయాలు కావు. చీజ్‌ను విరగకుండా కరిగించడం ఎంత కష్టమో తెలిసినవారికే, ఆ ఇబ్బందిని తొలగించినవారి కృషి విలువ కూడా తెలుస్తుంది. అందుకే చరిత్రకు, వంటకు సంబంధించిన సమాధానాలను ఇక్కడ ఒకేచోట ఇస్తున్నాం.

మకరోనీ అండ్ చీజ్‌ను కనిపెట్టింది ఎవరు?

ఏ ఒక్కరూ కాదు. ఉడికించిన పాస్తాను చీజ్‌తో కలిపి తినడం మధ్యయుగపు ఐరోపాలోనే ఉంది. 1300 ప్రాంతంలో లాటిన్‌లో రాసిన ‘లిబెర్ దె కొక్వినా’ అనే వంటల గ్రంథంలో, పలకలుగా కోసి ఉడికించిన పాస్తా మీద తురిమిన చీజ్‌ను, సుగంధ ద్రవ్యాల పొడిని పొరలు పొరలుగా చల్లే విధానం ఉంది. 1390 ప్రాంతంలో ఇంగ్లండ్ రాజు రెండవ రిచర్డ్ వంటవారు కూర్చిన ‘ఫార్మ్ ఆఫ్ క్యూరీ’లో కూడా దాదాపు ఇదే వంటకం కనిపిస్తుంది, పలుచగా వత్తి కోసిన పిండి ముక్కలను మరిగే నీళ్లలో ఉడికించి, కిందా పైనా తురిమిన చీజ్, కరిగిన వెన్న వేసి వడ్డించమని అందులో ఉంది.

ఈ వంటలు చేసిన వంటవారి పేర్లు ఆ గ్రంథాలలో లేవు. ఈ వంటకం చరిత్ర పొడవునా ఇదే జరిగింది: చేసినవారి చేతులు మరుగున పడిపోయాయి, తిన్నవారి పేర్లో, పేటెంటు పొందినవారి పేర్లో మిగిలాయి. కింది సమాధానాలు చదివేటప్పుడు ఈ విషయం గుర్తుంచుకోవడం మంచిది.

చిక్కటి సాస్‌తో చేసే ఇప్పటి పద్ధతి మొదట ఎక్కడ కనిపిస్తుంది?

1769లో ఇంగ్లండ్‌లో ఎలిజబెత్ రాఫల్డ్ ప్రచురించిన వంటల పుస్తకంలో కనిపిస్తుంది. చెషైర్‌లోని ఒక సంపన్న కుటుంబపు భవనంలో గృహనిర్వాహకురాలిగా పనిచేసి, తరువాత మాంచెస్టర్‌లో సొంత వ్యాపారం నడిపిన ఆమె, ఉడికిన మకరోనీని మీగడతోను, మైదాలో పొర్లించిన వెన్న ముద్దతోను కలిపి కొద్దిసేపు మరిగించి, పైన పార్మెజాన్ చీజ్ వేసి వడ్డించమని రాశారు. వెన్న, పిండి, పాల పదార్థం కలిసి చిక్కబడి మకరోనీని పట్టుకోవడమే ఈనాటి వంటకానికీ పునాది.

అమెరికాలో మేరీ రాండల్ఫ్ 1824లో ప్రచురించిన వంటల పుస్తకంలో ఈ సాస్ లేదు. ఆమె మకరోనీని ఉడికించి, చీజ్‌ను, వెన్నను పొరలుగా పేర్చి, ఓవెన్‌లో పెట్టమన్నారు. సాస్‌తో చేసేది, పొరలుగా పేర్చి కాల్చేది అనే రెండు శాఖలు అప్పటి నుంచి నేటి వరకు పక్కపక్కనే నడుస్తున్నాయి.

థామస్ జెఫర్సన్ దీన్ని కనిపెట్టాడని చాలాచోట్ల చదివాం. అది నిజమేనా?

నిజం కాదు. అయితే ఆ కథ ఎందుకు పుట్టిందో చెప్పడానికి ఆధారాలున్నాయి. 1784 నుంచి 1789 వరకు ఫ్రాన్స్‌లో ఉండి, అక్కడ అమెరికా రాయబారిగా పనిచేసిన జెఫర్సన్‌కు ఐరోపా వంటల మీద, ముఖ్యంగా పాస్తా మీద ఎంతో ఆసక్తి కలిగింది. మకరోనీని తయారుచేసే యంత్రం బొమ్మను ఆయన స్వయంగా గీసి, అది పనిచేసే తీరును పక్కన వివరించిన కాగితం ఇప్పటికీ అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో ఉంది. ఆయన కోరిక మీద ఆయన కార్యదర్శి విలియం షార్ట్ 1789లో నేపుల్స్ నుంచి ఒక మకరోనీ అచ్చును సంపాదించి పంపాడు.

ఆయన అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, 1802 ఫిబ్రవరిలో జరిగిన ఒక విందులో ‘మకరోనీ’ అనే పై (పిండి పొరలో నింపి కాల్చే వంటకం) వడ్డించినట్లు ఆ విందుకు హాజరైన కాంగ్రెస్ సభ్యుడు మనాసా కట్లర్ తన దినచర్యలో రాసుకున్నాడు. ఆ రాత చదవదగినది. కట్లర్‌కు ఆ వంటకం నచ్చలేదు; లోపల ఉన్నవి ఉల్లి కాడల వంటివేవో అనుకున్నాడు. పక్కనే ఉన్న మెరివెదర్ లూయిస్, అవి ఉల్లి కాదని, ఇది ఇటలీ వంటకమని వివరించాడు. తరువాత రెండేళ్లకు ఖండాన్ని దాటే సుప్రసిద్ధ యాత్రకు బయలుదేరిన లూయిస్ ఆ సమయంలో జెఫర్సన్‌కు కార్యదర్శి. అంటే అధ్యక్షుడి విందుకు వచ్చిన చదువుకున్న వ్యక్తికి సైతం మకరోనీ అంటే ఏమిటో ఎవరో ఒకరు చెప్పవలసిన రోజులవి. జెఫర్సన్ చేసింది ఆ వంటకాన్ని అమెరికాలోని పలుకుబడి గలవారి భోజనాల బల్లల మీదికి చేర్చడమే. అది ఆవిష్కరణ కాదు.

జేమ్స్ హెమింగ్స్ పేరు ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తోంది. ఆయన ఎవరు?

జేమ్స్ హెమింగ్స్ 1765లో బానిసగా పుట్టారు. జెఫర్సన్ భార్య మార్తాకు ఆయన సవతి తమ్ముడు, అంటే ఇద్దరికీ తండ్రి ఒకరే; అయినా చట్టం దృష్టిలో ఆయన జెఫర్సన్ ఆస్తి. 1784లో, పంతొమ్మిదేళ్ల వయసులో, ఫ్రెంచి వంట నేర్చుకోవడం కోసం ఆయనను జెఫర్సన్ పారిస్‌కు తీసుకువెళ్లాడు. అక్కడ హెమింగ్స్ వృత్తి వంటవారి దగ్గర శిష్యరికం చేసి, కోండే రాకుమారుడి వంటవాడి దగ్గర కూడా నేర్చుకుని, చివరికి జెఫర్సన్ నివాసంలో ప్రధాన వంటవాడయ్యారు. భాష రావాలని తన సంపాదనతో ఒక ఫ్రెంచి ఉపాధ్యాయుణ్ణి కూడా పెట్టుకున్నారు.

అమెరికాకు తిరిగివచ్చాక, 1793లో జెఫర్సన్ ఆయనకు ఒక పత్రం రాసి ఇచ్చాడు: తనకు తెలిసిన వంటను మరొకరికి పూర్తిగా నేర్పితే స్వేచ్ఛ ఇస్తానన్నది అందులోని షరతు. హెమింగ్స్ తన తమ్ముడు పీటర్‌కు నేర్పి, 1796 ఫిబ్రవరిలో స్వతంత్రులయ్యారు. స్వేచ్ఛకు వెలగా విద్యను, అదీ బానిసగానే ఉండిపోయే సొంత తమ్ముడికి, అప్పగించవలసి రావడం తలచుకుంటే మనసు భారమవుతుంది. వెళ్లే ముందు వంటగదిలోని సామాను జాబితాను ఆయన స్వహస్తంతో రాశారు. రాగి పాత్రలు, అచ్చులు, గరిటెలు వరుసగా ఉన్న ఆ కాగితం నేటికీ భద్రంగా ఉంది. 1801లో, ముప్పై ఆరేళ్ల వయసులో, బాల్టిమోర్‌లో ఆయన మరణించారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఒక పొరపాటును సరిచేసే ఉత్సాహంలో, మకరోనీ అండ్ చీజ్‌ను హెమింగ్సే కనిపెట్టారని కొందరు రాస్తున్నారు. ఆయన చేతి రాతలో ఈ వంటకం విధానమేదీ మనకు లభించలేదు. 1802 నాటి విందుకు ముందే ఆయన కన్నుమూశారు. అమెరికా ఉన్నత వర్గాల వంటశాలలకు ఫ్రెంచి పద్ధతిని తెచ్చిన తొలితరం వంటవారిలో ఆయన ముఖ్యులు, ఆ పద్ధతి ఆయన ద్వారా, ఆయన నేర్పిన వారి ద్వారా కొనసాగింది. ఈ గౌరవానికి ఆధారాలు ఉన్నాయి, దీనికి లేనిదాన్ని జోడించనవసరం లేదు.

జార్జ్ వాషింగ్టన్ కార్వర్‌కు ఈ వంటకంతో సంబంధం ఉందా?

ఉంది, అయితే చాలామంది ఊహించే రకంగా కాదు. అలబామాలోని టస్కీగీ విద్యాసంస్థలో 1896 నుంచి పనిచేసిన ఈ వ్యవసాయ శాస్త్రవేత్త, ఏటేటా పత్తి వేసి సారం కోల్పోయిన నేలలలో వేరుశనగ వంటి పంటలు వేయమని పేద రైతులకు బోధించారు. వేరుశనగ వేర్ల బొడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు అందిస్తాయి. పండిన పంటను ఇంట్లో వాడుకోవడం కూడా తెలియాలి కనుక, 1916లో ఆయన వేరుశనగతో చేయదగిన 105 వంటకాలతో ఒక చిన్న పుస్తకం వెలువరించారు. మకరోనీ, పాలు, మైదా, చీజ్‌లకు కచ్చాపచ్చాగా దంచిన వేరుశనగ పలుకులను చేర్చే వంటకం ఆ 105లో ఒకటి. మాంసం కొనలేని కుటుంబానికి చవకగా పోషకాహారం అందాలన్నది ఆయన ఉద్దేశం. పలుకులను ముందుగా వేయించి వాడితే, మెత్తటి సాస్ మధ్య అవి చక్కగా కరకరలాడతాయి.

పీనట్ బటర్‌ను కార్వర్ కనిపెట్టారన్న మాట మాత్రం సరికాదు. వేరుశనగ ముద్దకు మార్సెలస్ గిల్మోర్ ఎడ్సన్ 1884లోనే పేటెంటు పొందాడు. కార్వర్ తన జీవితంలో తీసుకున్న పేటెంట్లు మూడే, వాటిలో ఏదీ తినే పదార్థానికి సంబంధించినది కాదు. కనుగొన్నవాటిలో అత్యధిక భాగాన్ని ఆయన అందరికీ ఉచితంగా పంచారు. ఆవిష్కర్తల గొప్పతనాన్ని పేటెంట్ల లెక్కతో కొలిచేవారు కార్వర్ జీవితాన్ని ఒకసారి పరిశీలించాలి.

ప్రాసెస్డ్ చీజ్‌ను కనిపెట్టింది క్రాఫ్ట్ కాదా?

మొదట కనిపెట్టినవారు స్విట్జర్లాండ్‌కు చెందిన వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్. వేడి దేశాలకు ఎగుమతి చేసినా చీజ్ చెడిపోకుండా ఉండాలన్న లక్ష్యంతో పరిశోధించిన వీరు, తురిమిన ఎమెంటాల్ చీజ్‌ను సోడియం సిట్రేట్ అనే లవణంతో కలిపి వేడిచేస్తే, నూనె వేరుపడకుండా నునుపుగా కరిగి, చల్లారాక గట్టిపడి చాలాకాలం నిలుస్తుందని 1911లో కనుగొన్నారు.

జేమ్స్ లూయిస్ క్రాఫ్ట్ కెనడాలోని ఒంటారియోలో 1874లో పుట్టి, 1903లో షికాగో చేరి, గుర్రపు బండి మీద చీజ్ తిప్పుతూ దుకాణాలకు అమ్మిన వ్యాపారి. వేసవిలో చీజ్ చెడిపోయి దుకాణదారులు నష్టపోవడం ఆయన రోజూ చూసిన విషయం. చీజ్‌ను వేడిచేస్తూ ఎడతెగకుండా కలిపి, సూక్ష్మజీవులను చంపి, డబ్బాలలో నింపే పద్ధతికి ఆయన 1916లో అమెరికా పేటెంటు పొందారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం ఆ డబ్బాలను దాదాపు 60 లక్షల పౌండ్ల మేర కొనుగోలు చేసింది. రసాయన రహస్యం స్విట్జర్లాండ్ వారిది. దాన్ని సామాన్యుల ఇళ్లకు చేర్చిన పరిశ్రమ క్రాఫ్ట్‌ది.

స్విట్జర్లాండ్ వారికీ, క్రాఫ్ట్‌కూ మధ్య మరుగున పడిన పేరు ఎమిల్ ఫ్రే. న్యూయార్క్ రాష్ట్రంలోని మన్రోలో పనిచేసిన ఈ స్విస్ చీజ్ నిపుణుడు, విరిగిపోయి వృథా అయ్యే చీజ్ ముక్కలను పాలవిరుగుడు నీటితో తిరిగి కలిపి, 1918లో వెల్వీటా అనే ప్రాసెస్డ్ చీజ్‌ను రూపొందించాడు. తరువాత దాన్ని క్రాఫ్ట్ సంస్థ కొనుగోలు చేసింది.

పెట్టెలో దొరికే మకరోనీ అండ్ చీజ్ ఆలోచన ఎవరిది?

సెయింట్ లూయిస్ నగరానికి చెందిన గ్రాంట్ లెస్లీ అనే పాస్తా అమ్మకందారుడిది. ఆయన తాను అమ్మే పాస్తా పెట్టెలకు, తురిమిన క్రాఫ్ట్ చీజ్ పొట్లాలను రబ్బరు బ్యాండుతో కట్టి, రెండూ కలిపి అమ్మాడు. ఆ సంగతి తెలిసిన క్రాఫ్ట్ సంస్థ 1937లో క్రాఫ్ట్ డిన్నర్ పేరుతో దాన్ని విడుదల చేసింది. ఆర్థిక మాంద్యం ఇంకా తీరని ఆ రోజుల్లో 19 సెంట్లకు నలుగురికి భోజనమన్న ప్రకటన ప్రజలను ఆకట్టుకుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మాంసానికీ, పాల పదార్థాలకూ రేషన్ వచ్చినప్పుడు, ఒక్క కూపనుకు రెండు పెట్టెలు లభించడంతో అది మరింత పాతుకుపోయింది. ఒక రబ్బరు బ్యాండుతో మొదలైన ఈ ఆలోచన ఏ పేటెంటుకూ తక్కువ కాదని నా అభిప్రాయం.

ఇంట్లో నలుగురికి చేయాలంటే కొలతలు ఏమిటి?

మకరోనీ 250 గ్రాములు, వెన్న 40 గ్రాములు, మైదా 40 గ్రాములు, పాలు 600 మిల్లీలీటర్లు, తురిమిన చీజ్ 250 గ్రాములు, ఆవపొడి అర చెంచా, మిరియాల పొడి, ఉప్పు. చీజ్‌లోనే ఉప్పు ఉంటుంది కనుక, సాస్‌లో వేసే ఉప్పును చివర రుచి చూశాకే నిర్ణయించాలి. ఓవెన్‌లో పెట్టదలచుకుంటే పాలు మరో 100 మిల్లీలీటర్లు పెంచాలి, ఎందుకంటే కాలేటప్పుడు మకరోనీ తేమను పీల్చుకుంటూనే ఉంటుంది.

చేసే విధానం ఏమిటి?

మరిగే ఉప్పునీళ్లలో మకరోనీని, పెట్టె మీద రాసిన సమయం కన్నా రెండు నిమిషాలు తక్కువగా ఉడికించి వార్చాలి. చన్నీళ్లతో కడగకూడదు, ఎందుకంటే పైనున్న పిండి జిగురే సాస్‌ను పట్టి ఉంచుతుంది. వార్చే ముందు ఒక కప్పు ఉడికిన నీటిని పక్కన ఉంచుకోవాలి.

మందమైన అడుగున్న గిన్నెలో సన్నని సెగ మీద వెన్న కరిగించి, మైదా వేసి, పచ్చి వాసన పోయేదాకా రెండు నిమిషాలపాటు, రంగు మారకుండా వేయించాలి. పాలను మొదట కొద్దికొద్దిగా పోస్తూ ఆపకుండా కలపాలి. మొదటి పావు వంతు పాలు పూర్తిగా కలిసి ముద్ద నునుపు తేలిన తరువాత, మిగిలినవి ధైర్యంగా పోయవచ్చు. ఉండలు కట్టడానికి తొందరే కారణం. వేడి వెన్న ముద్ద మీద ఒక్కసారిగా పాలు పోసినప్పుడు పైపొర పిండి ఉబ్బి, లోపలి పొడి పిండికి నీరు అందకుండా చేస్తుంది. సాస్ ఒక పొంగు వచ్చి, గరిటె వెనుక పట్టేంత చిక్కబడ్డాక స్టవ్ ఆపాలి. ఒక నిమిషం ఆగి, చీజ్ తురుమును గుప్పెడు గుప్పెడు చొప్పున వేసి, ప్రతిసారీ కరిగేదాకా కలిపి, చివర ఆవపొడి, మిరియాల పొడి, మకరోనీ చేర్చాలి. మరీ గట్టిగా అనిపిస్తే పక్కన ఉంచిన నీటిని కొద్దిగా పోయాలి.

సాస్ ఎందుకు విరిగి, నూనె తేలి, పలుకులు పలుకులుగా మారుతుంది?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. చీజ్‌లో కేసిన్ అనే మాంసకృత్తు వల వంటి అల్లికగా ఏర్పడి, తన మధ్య కొవ్వునూ నీటినీ బంధించి ఉంచుతుంది. ఆ అల్లికను కట్టి ఉంచేది కాల్షియం. వేడి తగిలినప్పుడు ముందు కొవ్వు కరుగుతుంది, తరువాత అల్లిక వదులై చీజ్ జారుతుంది. చెడ్డార్ వంటి చీజ్‌లో ఈ రెండో దశ సుమారు 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పార్మెజాన్ వంటి గట్టి చీజ్‌లో 80 డిగ్రీలు దాటాక వస్తుంది. వేడి ఇంకా పెరిగితే కేసిన్ పోగులు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని, బిగుసుకుని, మధ్యలో ఉన్న నీటినీ కొవ్వునూ బయటికి పిండేస్తాయి. అప్పుడు పైకి తేలేది ఆ కొవ్వు, కింద మిగిలే పలుకులు బిగుసుకున్న కేసిన్.

మైదా సాస్ ఇక్కడ రెండు మేళ్లు చేస్తుంది. ఉబ్బిన పిండి రేణువులు కేసిన్ పోగులు ఒకదానికొకటి చేరకుండా అడ్డుపడతాయి, కొవ్వు బిందువులు కలిసిపోకుండా చూస్తాయి. అయితే ఈ రక్షణకు హద్దు ఉంది. చీజ్ వేసిన తరువాత సాస్‌ను మరిగించినా, అడుగున ఎక్కువ సెగ తగిలినా అది నిలవదు. అందుకే స్టవ్ ఆపిన తరువాతే చీజ్ వేయాలని ఇంత గట్టిగా చెప్పడం.

గెర్బర్, స్టెట్లర్‌లు వాడిన సోడియం సిట్రేట్ మరింత మూలానికి వెళ్తుంది. అది కేసిన్ నుంచి కాల్షియంను లాగివేసి, ఆ స్థానంలో సోడియంను ఉంచుతుంది. కాల్షియం పట్టు వదిలిన కేసిన్ నీటిలో కలిసిపోయి, కొవ్వు బిందువుల చుట్టూ చేరి, వాటిని విడిపోకుండా కాపాడుతుంది. అంటే చీజ్‌ను విరగగొట్టే మాంసకృత్తే దాన్ని కలిపి ఉంచేదిగా మారుతుంది. ఆహార రసాయన శాస్త్రంలో ఇంత సరళమైన, ఇంత అందమైన పరిష్కారాలు అరుదు.

ఇప్పటికే విరిగిపోయిన సాస్‌ను బాగుచేయవచ్చా?

కొంతవరకు బాగుచేయవచ్చు. వెంటనే సెగ మీద నుంచి దింపి, రెండు మూడు చెంచాల చల్లని పాలు పోసి గట్టిగా గిలకొట్టాలి. నూనె కొద్దిగా మాత్రమే తేలి ఉంటే అది తిరిగి కలుస్తుంది. పలుకులు గట్టిపడిపోతే మాత్రం నునుపు తిరిగి రాదు. అప్పుడు దాన్ని మకరోనీతో కలిపి, పైన రొట్టె పొడి చల్లి ఓవెన్‌లో కాల్చడం మేలు, కాలిన వంటకంలో ఆ లోపం అంతగా తెలియదు.

ఏ చీజ్ మంచిది?

రుచికి చెడ్డార్‌ది మొదటి స్థానం. అయితే చెడ్డార్‌ను ఎక్కువకాలం మాగపెట్టిన కొద్దీ రుచి పెరుగుతుంది, నునుపుగా కరిగే గుణం తగ్గుతుంది. మాగేటప్పుడు కేసిన్ అల్లిక చిన్న చిన్న తునకలుగా విడిపోవడమే దీనికి కారణం. కాబట్టి మూడింట రెండు వంతులు రుచి గల మాగిన చెడ్డార్, ఒక వంతు తేలికగా కరిగే లేత చీజ్ కలపడం మంచి పద్ధతి. గ్రూయేర్ చేరిస్తే రుచికి లోతు వస్తుంది. మొజరెల్లా ఎక్కువైతే సాస్ తీగలు సాగుతుంది. రికోటా వంటి, వేడితో, ఆమ్లంతో విరగగొట్టి చేసే చీజ్‌లు ఎంత వేడిచేసినా కరగవు కనుక వాటిని సాస్‌కు ఆధారంగా వాడలేం.

తురిమి అమ్మే చీజ్ పొట్లాలలో తురుము అంటుకోకుండా పిండి పదార్థమో, సెల్యులోజో చల్లి ఉంటారు. అది సాస్‌కు గరుకుదనం తెస్తుంది. దిమ్మ కొని ఇంట్లో తురుముకోవడం అన్ని విధాలా మెరుగు.

చెడ్డార్ అన్నిచోట్లా ఒకే నాణ్యతతో లభించడానికి మూలపురుషుడు ఇంగ్లండ్‌లోని సోమర్సెట్‌కు చెందిన జోసెఫ్ హార్డింగ్ అని కూడా ఇక్కడ చెప్పాలి. 19వ శతాబ్దంలో ఆయన ఉష్ణోగ్రతను, ఆమ్లతను, శుభ్రతను నియమాలుగా మార్చి, ఆ పద్ధతిని అడిగినవారందరికీ నేర్పారు.

సోడియం సిట్రేట్‌ను ఇంట్లో వాడవచ్చా?

వాడవచ్చు. అది ఆహారంలో అనుమతించిన లవణమే, నిమ్మజాతి పండ్లలోని సిట్రిక్ ఆమ్లం నుంచి వచ్చినది. 250 గ్రాముల చీజ్‌కు సుమారు 9 గ్రాములు చాలు. దాన్ని 230 మిల్లీలీటర్ల నీటిలోనో పాలలోనో కరిగించి, సన్నగా మరుగుతున్నప్పుడు చీజ్ తురుమును కొద్దికొద్దిగా వేస్తూ కలిపితే, మైదా, వెన్న అవసరం లేకుండానే నునుపైన సాస్ వస్తుంది. పిండి లేకపోవడం వల్ల చీజ్ రుచి మరింత స్పష్టంగా తెలుస్తుంది. ఉప్పగా ఉంటుంది కనుక వేరే ఉప్పు వేయకూడదు.

మైదా వాడకుండా, సోడియం సిట్రేట్ దొరక్కుండా వేరే మార్గం ఉందా?

ఇవాపొరేటెడ్ మిల్క్ ఉంది. పంచదార కలపకుండా నీటిని ఇగిర్చి డబ్బాలో నింపిన ఈ పాలలో పాల మాంసకృత్తులు సాంద్రంగా ఉంటాయి, సాధారణంగా స్థిరత్వం కోసం కొద్దిగా ఫాస్ఫేట్ లవణం కూడా ఉంటుంది. ఆ రెండూ చీజ్ విరగకుండా కాపాడతాయి. మకరోనీ, ఈ పాలు, చీజ్ మూడూ సమానమైన బరువులో తీసుకుని, మకరోనీ ఉడికి నీళ్లు ఇగిరిపోయే దశలో పాలు పోసి మరిగించి, సెగ తగ్గించి చీజ్ కలిపితే పది నిమిషాలలో వంట ముగుస్తుంది. ఈ పాలను డబ్బాలలో నింపే పద్ధతిని రూపొందించిన జాన్ బాప్టిస్ట్ మేయెన్‌బెర్గ్ స్విట్జర్లాండ్ నుంచి అమెరికా వచ్చినవారు. 1885లో ఇలినాయ్ రాష్ట్రంలోని హైలాండ్‌లో మొదలైన కర్మాగారంలో ఆ పద్ధతి ఆచరణలోకి వచ్చింది. ఈ వంటకం వెనుక స్విట్జర్లాండ్ వారు ఎంతమంది ఉన్నారో గమనించండి.

ఓవెన్‌లో కాల్చడం తప్పనిసరా?

కాదు. స్టవ్ మీద చేసినది జారుగా, మెత్తగా ఉంటుంది. కాల్చినది గట్టిగా నిలిచి, పైన కరకరలాడుతుంది. కాల్చాలనుకుంటే వెన్నలో కలిపిన రొట్టె పొడిని పైన చల్లి, 190 డిగ్రీల వద్ద పైభాగం బంగారు రంగు వచ్చేదాకా 15 నుంచి 20 నిమిషాలు ఉంచాలి. లోపలి పదార్థం అప్పటికే ఉడికినదే కనుక, అంతకు మించి ఉంచితే సాస్ విరుగుతుంది.

ఆవపొడి ఎందుకు వేస్తారు?

పాలు, చీజ్, పిండి కలిసిన వంటకం నాలుకకు బరువుగా అనిపిస్తుంది, ఆవఘాటు ఆ బరువును తగ్గించి చీజ్ రుచిని పైకి తెస్తుంది. ఆవ రుచి విడిగా తెలియనంత కొద్దిగా వేయాలి.

పెట్టెలో వచ్చే చీజ్ పొడికి ఆ నారింజ రంగు ఎక్కడిది?

చెడ్డార్‌కు రంగు వేయడం పాత ఆచారం. పచ్చిగడ్డి మేసిన ఆవుల పాలకు సహజంగా ఉండే పసుపు ఛాయను ఏడాది పొడవునా చూపించడానికి అనాట్టో గింజల రంగును వాడేవారు. పెట్టెల్లో అమ్మే పొడిలో చాలాకాలం కృత్రిమ రంగులు ఉండేవి. క్రాఫ్ట్ సంస్థ అమెరికాలో తన ప్రధాన ఉత్పత్తి నుంచి 2016 నాటికి వాటిని తొలగించి, పాప్రికా (ఘాటు తక్కువ ఉండే ఎర్ర మిరప పొడి), అనాట్టో, పసుపు వాడటం మొదలుపెట్టింది. ఇంట్లో తెల్ల చెడ్డార్‌తో చేసిన సాస్ పాలిపోయినట్లు కనిపిస్తే చిటికెడు పాప్రికా వేయవచ్చు, రుచిలో తేడా రాదు.

మిగిలిపోయినదాన్ని ఎలా వేడిచేయాలి?

చల్లారిన సాస్‌లో పిండి గట్టిపడుతుంది, మకరోనీ తేమను పీల్చుకుంటుంది. అందువల్ల వేడిచేసేటప్పుడు ఒక్కొక్క కప్పుకు ఒకటి రెండు చెంచాల పాలు తప్పక కలపాలి. స్టవ్ మీదైతే మూత పెట్టి సన్నని సెగ మీద, మధ్యమధ్య కలుపుతూ వేడిచేయాలి.

మైక్రోవేవ్ ఓవెన్ వాడేవారు దాని శక్తిని సగానికి తగ్గించి, అర నిమిషానికొకసారి తీసి కలపాలి. మైక్రోవేవ్‌లు పదార్థమంతటినీ సమానంగా వేడిచేయవు, కొన్నిచోట్ల చాలా త్వరగా మరిగిస్తాయి, ఆ చోట్లే సాస్ విరుగుతుంది. ఈ పరికరం 1945లో రేథియాన్ సంస్థలో రాడార్ గొట్టాల మీద పనిచేస్తున్న పెర్సీ స్పెన్సర్ పరిశీలన నుంచి పుట్టింది. తన జేబులోని తినుబండారం కరిగిపోవడం గమనించిన ఆయన, పెద్దగా పాఠశాల చదువు లేకుండా స్వయంకృషితో ఎదిగిన ఇంజనీరు. 1947లో వచ్చిన మొదటి యంత్రం దాదాపు మనిషి ఎత్తున, 340 కిలోల బరువుతో ఉండేది. ఇళ్లలో బల్ల మీద పెట్టుకోదగిన రూపం 1967లో వచ్చింది.

వండినదాన్ని రెండు గంటలలోపే ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజులలో వాడేయాలి.